దూడంత తోడేలు

"సార్, అది కుక్క కాదు, నక్క కాదు. దూడంత ఉంది."

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో గుట్టల అంచున ఉండే ఊళ్ల నుంచి అటవీశాఖకు పోయే ఫోన్లలో ఈ మాట కొత్త కాదు. ఫోన్ వెనకాలే వాట్సాప్‌లో వీడియో వస్తుంది. అందులో చీకటి, ఊగుతున్న టార్చిలైటు, కంది చేను గట్టు మీద మెరిసే రెండు కళ్లు. మిగతాదంతా తీసేవాళ్ల అరుపులే. తెల్లారేసరికి ఆ వీడియో మూడు మండలాలు తిరుగుతుంది. మధ్యాహ్నానికి టీవీ కింద స్క్రోలింగ్‌లో "చిరుత సంచారం, భయాందోళనలో గ్రామస్తులు" అని పడుతుంది. సాయంత్రానికి దాన్ని పెద్దపులి అనేవాళ్లూ తయారవుతారు.

ఇంతకీ అంత పెద్ద జంతువు ఈ నేల మీద ఉందా? ముందు తూకం చూద్దాం.

ఈ ఎర్రచెలకల దేశంలో ఇళ్ల దాకా రాగల వేటజంతువులు ముఖ్యంగా ఐదు. అన్నిటికన్నా చిన్నది గుంటనక్క. 2, 3 కిలోలకు మించదు. ఎలుకలు, తొండలు, ఉసిళ్లు, రేగుపండ్లతోనే పొట్ట నింపుకొంటుంది. దాని మీద కోళ్ల దొంగ అన్న పేరు ఉన్నా రైతుకు అది చేసే మేలే ఎక్కువ. నక్క 8 నుంచి 11 కిలోలు, తోడేలు 18 నుంచి 25, దుమ్ములగొండి 30 నుంచి 40. చిరుతల్లో ఆడది 30 పైచిలుకు, మగది 50, 60 కిలోలు తూగుతుంది. నల్లమల వైపు రేచుకుక్కలు, పెద్దపులులు కూడా ఉన్నాయి. కానీ వాటి నివాసం అమ్రాబాద్ పులుల అభయారణ్యం. 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ అడవిని వదిలి ఎప్పుడో తప్ప అవి చెలకల్లోకి దిగవు.

అంటే మన తోడేలు ఊరకుక్క కన్నా కాస్త ఎక్కువ బరువుంటుంది, అంతే. నాటు ఆవుకు పుట్టిన దూడ దాదాపు 20 కిలోలుంటుంది. కనుక "దూడంత" అన్నవాళ్లది అబద్ధం కాదు, ఆ దూడ ఆ పొద్దే పుట్టిందైతే.

మరి కళ్లకు అంత పెద్దగా ఎందుకు కనపడుతుంది? తోడేలుకు కాళ్లు పొడుగు, నడుము సన్నం. గట్టు మీద నిలబడితే కింది నుంచి చూసేవాడికి ఆ కాళ్లే కనపడతాయి. చలికాలంలో మెడ మీద, వీపు మీద వెంట్రుక గుబురుగా పెరుగుతుంది. రాత్రిపూట పక్కన పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. కళ్ల మెరుపును బట్టి మనసే ఒక ఒళ్లు కట్టుకుంటుంది. అసలు కనికట్టు చేసేది మాత్రం దుమ్ములగొండి. బెదిరినప్పుడు అది మెడ నుంచి తోక దాకా ఉన్న జూలును నిక్కబొడుచుకుంటుంది. ఉన్నదానికన్నా మూడో వంతు పెద్దగా కనపడుతుంది. ఒంటి మీద చారలుంటాయి కాబట్టి టార్చి వెలుగులో దాన్ని చూసినవాడు పులి అని ఒట్టేసి మరీ చెప్తాడు. పాపం, అది చచ్చిన పశువుల ఎముకలు కొరుక్కోవడానికి వచ్చి ఉంటుంది.

వాతావరణం కూడా పెద్ద ఒంటికి ఒప్పుకోదు. ఒకే రకం జంతువుల్లో చలిదేశాలవి పెద్దగా, వేడిదేశాలవి చిన్నగా ఉంటాయని జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ బెర్గ్‌మన్ 1847లోనే గమనించాడు. ఒళ్లు పెరిగేకొద్దీ బరువుతో పోలిస్తే చర్మం తగ్గుతుంది, లోపలి వేడి బయటికి పోదు. మంచులో అది వరం. అందుకే అలాస్కా తోడేలు 45 కిలోలు దాటుతుంది. మే నెలలో 45 డిగ్రీలు కాచే నల్లగొండ బండల మీద అదే ఒళ్లు ఉరితాడవుతుంది.

అయితే ఊళ్ల పక్క తిరిగే జంతువు నిజంగానే పెద్దదైపోయిన కథ ప్రపంచంలో ఒకటుంది. అమెరికా ఈశాన్య రాష్ట్రాలకు వలసపోయిన మనవాళ్లలో చాలామంది దాన్ని పెరట్లోనే చూసి ఉంటారు. దాని పేరు కొయొటి. తోడేలుకూ నక్కకూ మధ్యస్థంగా ఉండే జంతువు. పశ్చిమాది మైదానాల్లో అది 10, 15 కిలోలుంటే, తూర్పున 20 కిలోల దాకా తూగుతుంది. తూర్పు అడవుల్లో తోడేళ్లను అక్కడి జనం వేటాడి తుడిచిపెట్టారు. ఖాళీ అయిన ఆ నేల వైపు కొయొటీలు కెనడా మీదుగా కదిలాయి. దారిలో జోడు దొరకని కొద్దిపాటి తోడేళ్లతో కలిశాయి. రోలండ్ కేస్, ఆయన తోటి పరిశోధకులు మ్యూజియంలలోని పుర్రెలను కొలిచి, డీఎన్ఏ పరీక్షించి 2010లో ఈ సంగతి తేల్చారు. తోడేలు రక్తం కలిసినవాటికి పుర్రెలు వెడల్పయ్యాయి, జింకను కూల్చగల దవడలు వచ్చాయి. కలవకుండా మరో దారిన వచ్చినవాటి కన్నా ఇవి ఐదు రెట్లు వేగంగా కొత్త నేలను ఆక్రమించాయి. ఈనాడు ఈశాన్య అమెరికా కొయొటీ జన్యువుల్లో సుమారు మూడింట రెండొంతులు కొయొటివి, పావు వంతుకు పైగా తోడేలువి, పదో వంతు కుక్కవి.

మన దగ్గరా అలాంటి కలయిక మొదలైంది. కానీ దాని దిక్కు వేరు. పుణె పక్క గడ్డిభూముల్లో ఒక తోడేళ్ల గుంపులో వింత రంగువి కనపడ్డాయి. అనుమానం వచ్చిన పరిశోధకులు జన్యుపరీక్ష చేయించారు. అవి తోడేలుకూ కుక్కకూ పుట్టినవని 2023లో రుజువైంది. అక్కడ కొయొటికి తోడేలు రక్తం కలిస్తే బలం వచ్చింది. ఇక్కడ తోడేలుకు ఊరకుక్క రక్తం కలిస్తే రాక్షసి పుట్టదు, తోడేలే పలచబడిపోతుంది. మనిషంటే ఉండాల్సిన బెదురు కూడా పోతుందేమోనని శాస్త్రవేత్తల భయం. అప్పుడు దూరంగా గట్టు మీద నిలబడే జంతువు వాకిట్లోకి వస్తుంది.

పలచబడితే పోయేది మామూలు సొత్తు కాదు. మన తోడేలు వంశం చాలా పాతదని బయటపెట్టినవాళ్లలో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలూ ఉన్నారు. తల్లి వైపు నుంచి మాత్రమే సంక్రమించే మైటోకాండ్రియా డీఎన్ఏ ఆధారంగా వాళ్లు 2007లో ప్రచురించిన పరిశోధన, ద్వీపకల్పపు తోడేలును మిగతా ప్రపంచపు తోడేళ్ల నుంచి విడిగా చూడాలంది. 2021లో లారెన్ హెనెలీ అనే పరిశోధకురాలి బృందం మొత్తం జన్యుపటాలనే పోల్చి చూసింది. బతికున్న తోడేళ్లలో అతి పాత కొమ్మల్లో ఇదొకటని తేల్చింది. 2025లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం (ఐయూసీఎన్) దీన్ని మొదటిసారి ప్రత్యేకంగా లెక్కగట్టి, ముప్పున్న జంతువుల జాబితాలో చేర్చింది. అటూ ఇటుగా మూడు వేలు మిగిలాయని అంచనా. 2022 లెక్కల్లో మన పులుల సగటు అంచనా 3,682. పులి కన్నా తోడేలే తక్కువ! అయినా తోడేలు కోసం సఫారీ టికెట్ కొనేవాడు లేడు.

ఇంత తగ్గడానికి పాత పాపం ఒకటుంది. బ్రిటిష్ పాలనలో తోడేలు తల తెచ్చినవాడికి బహుమానం ఇచ్చేవారు. 1875 నుంచి 1925 దాకా యాభై ఏళ్లలో దేశంలో రెండు లక్షల తోడేళ్లు హతమయ్యాయని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ అంచనా. తర్వాతి నష్టం తుపాకీతో జరగలేదు, ట్రాక్టర్‌తో జరిగింది.

తోడేలు ఉండేది దట్టమైన అడవిలో కాదు. దాని ఇల్లు బీడు, గైరాన్ మేతభూమి, చిట్టిపొదల గుట్ట, వాగు ఒడ్డు. పిల్లలను బండసందులో గానీ ఒడ్డున తవ్విన గుంతలో గానీ చలికాలంలో పెడుతుంది. అలాంటి నేలకు మన రికార్డుల్లో విలువ లేదు. ఇళ్ల పట్టాలకు, క్రషర్లకు, సోలార్ పలకలకు మొదట గుర్తొచ్చేది అదే. 2015లో మొదలైన హరితహారంలో గుంతలు తవ్వి మొక్కలు నాటడానికీ ఇలాంటి ఖాళీ జాగాలే అక్కరకొచ్చాయి. చెట్టు నాటితే ప్రకృతికి ఎప్పుడూ మేలేనని మనం గట్టిగా నమ్ముతాం. గడ్డినేల మీద బతికే జింకకు, గుంటనక్కకు, తోడేలుకు ఆ మేలు అందదు. శ్రీశైలం ఎడమగట్టు (ఎస్సెల్బీసీ) కాలువలు, కల్వకుర్తి ఎత్తిపోతల పథకం వచ్చాక చెలకలు మళ్లయ్యాయి. దశాబ్దాల కరువు తర్వాత నీళ్లు చూసిన రైతును ఎవరూ తప్పుపట్టలేరు. కానీ వరి, చెరకు, మొక్కజొన్న పెరిగితే వాటి చాటున అడవిపంది పెరుగుతుంది. పంది వెంట చిరుత వస్తుంది. బీడు పోయిన తోడేలు మాత్రం మంద వెనక పడుతుంది.

ఆ మంద కూడా మారింది. 2019 పశుగణనలో 1 కోటి 91 లక్షల గొర్రెలతో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానానికి వచ్చింది. 2012తో పోలిస్తే దాదాపు సగం ఎక్కువ. 2017 జూన్‌లో మొదలైన పంపిణీ పథకం కింద ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు వచ్చాయి. గొల్ల కురుమల ఇళ్లలో జీవాలు పెరిగాయి గానీ వాటి వెంట నడిచే మనుషులు పెరగలేదు. పిల్లలు బడికి, పట్నానికి పోయారు. పోవాల్సిందే కూడా. ఒకప్పుడు చేలల్లో మంద పెడితే నలుగురు గొంగళ్లు కప్పుకొని నాలుగు మూలలా పడుకునేవారు. ఇప్పుడు వల చుట్టూ కట్టి ఒక్కడే కాపలా ఉంటాడు. తోడేలుకు రోజుకు కావాల్సింది రెండు కిలోల లోపు మాంసం. ఒంటరి కాపలా ఉన్న వల దానికి సులువు. మహారాష్ట్రలోని ధన్‌గర్ కాపరులు, మంద నుంచి తోడేలు తీసుకుపోయే గొర్రెను దాని వాటా అనుకుంటారని చెప్తారు. అప్పు చేసి గొర్రెలు కొన్నవాడికి ఆ ఔదార్యం కష్టం. అతన్ని అడగడమూ న్యాయం కాదు.

తోడేలు పేరు చెప్పి వచ్చే నష్టంలో ఎంత నిజంగా తోడేలుది? పొద్దున్నే మంద దగ్గరికి పోయినవాడికి నేలే చెప్తుంది, తొక్కి చెరపకపోతే.

చిరుత గొంతు పట్టి ఊపిరాడకుండా చంపుతుంది. గొంతు కింద లోతైన నాలుగు గాట్లుంటాయి, నెత్తురు పెద్దగా కారి ఉండదు. ఒకటో రెండో జీవాలు పోతాయి. బండల వైపు ఈడ్చుకుపోయిన జాడ కనిపిస్తుంది. తోడేలు కూడా గొంతు పట్టగలదు, కానీ తొడలు, పొట్ట వైపు నుంచి గబగబా తినేస్తుంది. పిల్లలున్న కాలమైతే కడుపు నింపుకొని పోయి గుంత దగ్గర కక్కి పెడుతుంది. కుక్కల పని చూస్తే మనసు విరిగిపోతుంది. పది, పదిహేను జీవాలు పడి ఉంటాయి. చెవులు తెగి, వెనక కాళ్ల కండలు చీలి, పొదుగులు ఊడి, సగం ప్రాణంతో కొట్టుకుంటూ ఉంటాయి. తిన్నది మాత్రం గుప్పెడు కూడా ఉండదు. ఊళ్లో ఎవరో ఒకరు వేసిన అన్నంతో కడుపు నిండిన కుక్కకు అది ఆకలి వేట కాదు, ఉరుకులాట. అట్లని శవాల లెక్క ఒక్కటే చూసి తేల్చకూడదు. వలలో చిక్కిన మంద అటూ ఇటూ ఉరుకుతుంటే తోడేలు కూడా ఒకటికి మించి చంపుతుంది.

అడుగులు ఇంకా నిక్కచ్చిగా చెప్తాయి. చిరుత నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది, కనుక దుమ్ములో వేళ్ల ముందు గోటి చుక్క పడదు. కుక్కకు, నక్కకు, తోడేలుకు పడుతుంది. దుమ్ములగొండి ముందు పాదం వెనక పాదం కన్నా బాగా పెద్దది. మరి తోడేలుకూ కుక్కకూ తేడా ఎట్లా? ఒక్క అడుగు చూస్తే పెద్ద పెద్ద నిపుణులకే కష్టం. పది అడుగులు చూడాలి. తోడేలు పనిమీద పోతుంది. ముందు పాదం పడ్డ చోటే వెనక పాదం వేస్తూ, బండిబాట వెంట గీత గీసినట్టు సాగిపోతుంది. కుక్క ప్రతి ముళ్లకంపనూ వాసన చూస్తూ వంకరటింకరగా తిరుగుతుంది.

ఇక్కడొక చిక్కుంది. అడవి జంతువు చంపితే అటవీశాఖ పరిహారం ఇస్తుంది, కుక్క చంపితే ఆ శాఖకు సంబంధం లేదు. పది గొర్రెలు పోయిన కాపరి "తోడేలే" అంటే అందులో ఆశ్చర్యం ఏముంది? లెక్కల్లో మాత్రం తోడేలు నేరాలు పెరుగుతాయి, కుక్కలవి గాలికి పోతాయి. నన్నడిగితే నల్లగొండ, మహబూబ్‌నగర్ చెలకల్లో గొర్రెల కాపరికి అసలు శత్రువు యజమాని లేని కుక్కల గుంపు. తోడేలుకూ అదే శత్రువు. రేబిస్, డిస్టెంపర్ రోగాలు దానికి కుక్కల నుంచే అంటుతాయి, తిండికి పోటీ కుక్కలతోనే, వంశం కలిసిపోయేదీ కుక్కలతోనే. ఆ గుంపులను మేపుతున్నది మనం. షాద్‌నగర్ చుట్టుపక్కల నుంచి గుట్టల దాకా కోళ్లఫారాలు విస్తరించాయి. చచ్చిన కోళ్లను గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చకుండా, సంచుల్లో కట్టి వాగులో పడేస్తే అది రోజూ నడిచే అన్నసత్రమవుతుంది. మొదటి బంతికి కుక్కలు, నక్కలు వస్తాయి. కొన్నాళ్లకు ఆ కుక్కల కోసం చిరుత వస్తుంది. చిరుతకు కుక్క మాంసం ఇష్టమైన తిండి. గుట్ట పక్క ఇళ్లలో కట్టేసిన కుక్క రాత్రికి రాత్రి మాయమైతే మొదట అనుమానించాల్సింది దాన్నే.

చిరుత సంగతి చీకటి వీడియోల ఊహ కాదు. 2025లో మహబూబ్‌నగర్ పట్టణాన్ని ఆనుకొని ఉన్న తిరుమలదేవుని గుట్ట మీద, పగటి వెలుగులోనే బండ మీద చిరుత కనపడింది. కింద కాలనీలున్నాయి. అటవీశాఖ బోన్లు పెట్టాల్సి వచ్చింది. అంతకుముందు, 2020 మేలో, ఫ్లోరైడ్ నీళ్లతో పేరుపడ్డ నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఒక చిరుత ఉచ్చులో చిక్కింది. లాక్‌డౌన్ రోజులవి. జనం గుమిగూడారు. మత్తుమందు సూది వేసి హైదరాబాద్ జూకు తరలించారు గానీ అది బతకలేదు. చేలకు ఉచ్చు పెట్టేవాడు సాధారణంగా పంది కోసమే పెడతాడు. ఆ ఉచ్చుకు వాడే క్లచ్చు వైరుకు ఏ జంతువు మెడో తెలియదు. చేను చుట్టూ కరెంటు తీగ పెడితే మనిషికీ తేడా తెలియదు. రాత్రి నీళ్లు పెట్టడానికి పోయి పక్క చేని తీగ తగిలి చచ్చిపోయిన రైతుల వార్తలు ఎన్ని చదవలేదు! ఈ గుట్టల పక్కన చిరుత కన్నా ప్రమాదకరమైంది ఆ తీగే అని నా అభిప్రాయం.

మరి తోడేళ్లు మనిషి మీద పడవా అంటే, పడిన సందర్భాలున్నాయి. 1996లో తూర్పు ఉత్తరప్రదేశ్‌లో 76 మంది పిల్లలు తోడేలు దాడులకు గురయ్యారని యాదవేంద్రదేవ్ ఝాలా, దినేశ్ శర్మ పరిశోధించి రాశారు. 2024లో అదే రాష్ట్రంలోని బహ్రాయిచ్‌లో మళ్లీ పిల్లలు బలయ్యారు. ఆ ప్రాంతాల్లో అడవి ఎర దాదాపు లేదు. మేకలు గట్టి కాపలాలో ఉంటే, పిల్లలు తలుపుల్లేని గుడిసెల్లో, ఆరుబయట పడుకునేవారు. తోడేలు సులువైనదాన్ని ఎంచుకుంది. మన చెలకల్లో ఆ పరిస్థితి రాకూడదంటే రాత్రి పిల్లలను ఆరుబయట ఒంటరిగా పడుకోబెట్టకపోవడం, మంద వల దగ్గర ఒక దీపం, ఇద్దరు మనుషులు, వల ఎత్తు నిలబడ్డ మనిషి రొమ్ము దాకా ఉండటం లాంటి జాగ్రత్తలు చాలావరకు సరిపోతాయి. పిచ్చి పట్టిన తోడేలు కథ వేరు. అది పట్టపగలు వస్తుంది, కనపడ్డవాళ్లనల్లా కరుస్తుంది, తినదు. కాటు పడితే సబ్బుతో పావుగంట కడిగి, ఆ రోజే రేబిస్ టీకాతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయించుకోవాలి. నాటుమందుకు పోతే ప్రాణం దక్కదు.

గుట్ట మీద చిరుత కనపడితే గుంపుగా వెంటపడకండి, కర్రలతో చుట్టుముట్టకండి. దారి వదిలితే పోతుంది, దారి మూస్తేనే మీద పడుతుంది. విషం పెట్టిన కళేబరం తోడేలును చంపుతుంది, తర్వాత ఆ కళేబరాన్ని తిన్న కాపలా కుక్కనూ చంపుతుంది. 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులోని తోడేలును, చిరుతను చంపినవాడికి 3 నుంచి 7 ఏళ్ల జైలు.

జీవాలు పోతే ఏడుపు ఆపుకొని ముందు ఒక పని చేయండి. అడుగుల పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫొటో తీయండి, కొలత తెలుస్తుంది; తర్వాత వాటి మీద గంపలు బోర్లించండి. కళేబరాన్ని కదిలించకండి, అమ్మకండి, పూడ్చకండి. బీట్ ఆఫీసర్ వచ్చి పంచనామా రాసేదాకా, పశువైద్యుడు చూసి కాగితం ఇచ్చేదాకా అది అక్కడే ఉండాలి. ఆ రెండు కాగితాలు లేని దరఖాస్తుకు పరిహారం రాదు.